జాతి అనే గడి

జనన మరణ రికార్డుల అధికారి గారికి,

దక్షిణ టెక్సాస్ నుంచి రాస్తున్నాను. నా మరణ ధ్రువపత్రం నిన్న పోస్టులో అందింది. నేను బతికే ఉన్నాను. మా అమ్మాయి అంపారో అది చదివి, "ఆఫీసువాళ్ళ పొరపాటులే నాన్నా, నువ్వు కాఫీ తాగు" అంది.

నా కంగారు వేరు. జాతి అనే గడిలో, నేను పుట్టినప్పుడు తెల్లవాడని రాశారు. బడిలో మెక్సికన్ అన్నారు. సైన్యంలో మళ్ళీ తెల్లవాణ్ణి చేశారు. మొన్న జనాభా లెక్కల్లో ఏదీ సరిపోక, "ఇతర జాతి" అని నేనే టిక్కు పెట్టాను.

మీ పత్రంలో మాత్రం "పాయాయా" అని ఉంది. స్పెయిన్ వాళ్ళు రాకముందు మా ఊరి ఏటి ఒడ్డున బతికిన మావాళ్ళ తెగ పేరు అది. మా అమ్మమ్మ మొక్కజొన్నలు ఒలుస్తూ నా చెవిలో చెప్పి, "ఎవరితోనూ అనకురా, బతకనివ్వరు" అంది. నేను నా భార్యకు కూడా చెప్పలేదు.

వివరాలు చెప్పినవారు అన్నచోట అమ్మమ్మ పేరే ఉంది, ఎలోడియా. ఆవిడ పోయి అరవై రెండేళ్ళయింది.

పత్రం రద్దు చేయమని అడగను. ఇన్నాళ్ళకు ఒకరు సరిగ్గా రాశారు. మరణించిన తేదీ ఒక్కటే ఖాళీగా ఉంది. అది చెప్పడానికి ఆవిడ మళ్ళీ మీ కౌంటరు దగ్గరికి వస్తే, దయచేసి కుర్చీ వేయండి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు.