ఎడమ భుజం అర ఇంచు

అక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. సంవత్సరీకానికి నీ పచ్చ చీర కట్టుకోవాలని, దాని మీదికి జాకెట్ నేనే కుట్టుకున్నాను. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని నేను! ఫోన్‌లో వీడియో పెట్టి, ఆపి ఆపి చూస్తూ, నీ మిషన్ మీదే కుట్టాను. కొలతలన్నీ నావే.

తీరా చూస్తే ఎడమ భుజం అర ఇంచు కిందికి దిగింది. కుట్లు విప్పి, మళ్లీ కొలిచి కుట్టాను. మళ్లీ అంతే.

నీ జాకెట్లకు కొలతలు తీసే, పక్క క్వార్టర్‌లోని సల్మా ఆపాకు చూపించాను. ఆమె రెండు భుజాలూ కలిపి మడిచి చూసింది.

“గిది మీ అక్క కొల్త గదనే. ఆమెకు ఎడమ భుజం జర కిందికుండె. నీకెవలు చెప్పిండ్రు?”

“ఎవ్వలు చెప్పలే, ఆపా.”

నిజంగా నాకు తెలియదు. నా జాకెట్లన్నీ కుట్టింది నువ్వు. నీ భుజం ఎలా ఉంటుందో నేనెప్పుడూ గమనించలేదు.

రెండోసారి విప్పడానికి చేతులు రాలేదు. నిన్న పొద్దున అలాగే తొడుక్కున్నాను. ఎక్కడా ముడత లేకుండా సరిపోయింది. నీ ఫోటోకు దండ వేస్తుంటే మీ మరిది వెనక నుంచి అడిగాడు.

“ఎడమ భుజం గట్ల దిగిందేంది? నొస్తున్నదా?”

“నొస్తలేదు” అన్నాను.

నిజంగానే నొప్పి లేదక్కా. ఎవరో చెయ్యి వేసి నిలబడ్డట్టు కాస్త బరువుగా ఉంది, అంతే.