పడిగెలో నీ బొమ్మ

మామా,

నువ్వు పోయాక వచ్చిన తొలి ఇలవేల్పుల జాతర నిన్న జరిగింది. మన వేల్పుల కథను బొమ్మలుగా కుట్టే గుడ్డ జెండా, కొత్త పడిగె, ఈసారి నా చేతి పని. నేర్పేవారు లేక, నువ్వు కుట్టిన, చీకిపోయిన పాత పడిగెను ముందు పరుచుకుని నేర్చుకున్నాను. వేల్పులు, వీరులు, ఏనుగు, పులి, గోదావరి. వరుస ఎక్కడా తప్పలేదు. చివర మాత్రం ఒక బొమ్మ అదనంగా కుట్టాను: సూది పట్టుకుని కూర్చున్న నువ్వు.

జాతరలో పడిగెను విప్పుతూ అక్కడికి రాగానే డోలు ఆగింది. కులపెద్ద లేచాడు.

"ఏంది గిది? కుట్టినోని బొమ్మ యేల్పుల పక్కన ఉంటదా? కుట్లు ఇప్పెయ్."

"నేను ఇప్ప పెద్దయ్యా," అన్నాను. "యేల్పుల మొకాలు మనకు సూపెట్టిందే ఆయన."

నీ చెల్లెలు, మా అమ్మ, వంగి చూసింది. "మా అన్న గింత బక్కగ ఎప్పుడున్నడురా? జర కడుపు పెట్టు."

అందరూ నవ్వారు, పెద్ద తప్ప. ఆ బొమ్మ తీసేదాకా ఈ పడిగె జాతర గడప తొక్కదని తీర్పు చెప్పాడు.

ఈ ఉదయం నీ బొమ్మ చుట్టూ రెండు పేటల దారంతో మరో వరుస కుట్టాను. ఇక నిన్ను తీయాలంటే వాళ్లు వేల్పుల గుడ్డనే చించాలి.

నీ మేనల్లుడు