లావణ్య ఎర్రర్ చదివింది

శుక్రవారం, శాన్ రామన్

ఇన్నేళ్లూ లాప్‌టాప్‌లో ఎర్రర్ రాగానే లావణ్య చదవకుండానే ఓకే నొక్కేసి, "ఏవండీ, మళ్ళీ ఏదో వచ్చింది" అని నన్ను పిలిచేది. ఈరోజు ప్రింటర్ మొరాయిస్తే పిలవలేదు. తెర మీది మెసేజ్‌ను ఉన్నదున్నట్టు నెట్‌లో వెతికి తనే బాగుచేసుకుంది.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"పక్కింటి కిరణ్ గారు. ముందు మెసేజ్ చదవండి, సగం ఆన్సర్ అందులోనే ఉంటుందన్నారు. ఎంత సింపులో!"

సింపులేనట! ఆయనది అకౌంట్స్ ఉద్యోగం. ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి నేనుండగా ఆయన మాట వేదమైపోయింది...

భోజనాలయ్యాక ఎవరూ చూడకుండా రూటర్ వైరు పీకేసి, ఆమె పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

పైనుంచి కేక వినబడింది. "కేబుల్ చెక్ చేయమంటోంది. మీరు లేవకండి, నేనే చూస్తా!"

ఆమె మెట్లు దిగి వచ్చేసరికి వైరు ఇంకా నా చేతిలోనే ఉంది.