ఇంట్లో కడిగిన రంగుల రీలు

1978 మార్చి 8, బుధవారం

ఈ రోజు నుంచి ఫిల్ము కడిగే ఖర్చు గురించి దిగులు పడను. ఎంతయిందని అడగను. ఆయన స్నానాలగది తలుపేసుకుంటే ఆ ఛాయలకు పోను. ఫిల్ము కడిగే మందులు ముట్టుకోను. ఇంతే. చాలా తేలిక!

సంగతేమిటంటే, రిటైరయ్యాక మావారు పట్టాభిరామయ్యగారు కెమెరా కొన్నారు. రంగుల రీలు బొంబాయికి పంపి కడిగించాలంటే తడిసి మోపెడవుతోందట. ఇంట్లోనే కడుక్కుంటే సగానికి సగం మిగులుతుందట. మిగిలితే మంచిదే కదా. దేవుడి దగ్గర దీపం పెట్టాను.

మార్చి 11, శనివారం

మందుల పెట్టె వచ్చింది. ధర అడగలేదు. చొక్కా నానబెడుతుంటే జేబులో రసీదు దొరికింది. చూడటం అడగటం కాదు కదా. నెల కిరాణా మొత్తం అందులోనే ఉంది.

నీళ్ళలో కలిపాక ఆ మందులు నెల తిరక్కుండా పాడైపోతాయట. ఎనిమిది రీళ్ళు కడిగితేనే గిట్టుబాటు. మా దగ్గరున్నది ఒకటి. అందుకని డబ్బు మిగల్చడానికి ఇంకో ఏడు కొన్నారు.

దిగులు పడలేదు. కాస్త గుండెదడ, అంతే.

మార్చి 14, మంగళవారం

కొన్న రీళ్ళు నింపాలి కదా. మా తెల్లాపూర్‌లో ఉన్న గేదెలన్నిటినీ ఫోటో తీశారు. సైకిలు మీద ఖాజాగూడ దాకా పోయి బండరాళ్ళను తీశారు. మోకాలు వాచింది. కాపడం పెట్టాను. స్టవ్వుకు పంపు కొడుతున్న నన్ను కూడా తీశారు, జుట్టు రేగి ఉందన్నా వినలేదు.

కడిగేటప్పుడు మందులు జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్ళులా వెచ్చగా ఉండాలట, చల్లారకూడదట. పొద్దంతా స్టవ్వు మీద నీళ్ళు. కిరసనాయిలు అయిపోయింది. రాత్రికి అటుకులూ మజ్జిగా. ఆరోగ్యానికి మంచిదే.

మార్చి 15, బుధవారం

మొదటి రీలు బట్టల తీగ మీద ఆరుతోంది. నల్లగేదె నారింజరంగులో ఉంది! అది తిరగేసిన బొమ్మట, కాగితం మీద వేయిస్తే సరవుతుందట. కాగితం మీద వేసేది సిటీలో స్టూడియోవాళ్ళు. అంటే సిటీకి ఎలాగూ పోవాల్సిందే, దాని ఖర్చు వేరే. నేను అడగలేదు. ఆయనే చెప్పారు. వినకుండా ఎలా ఉంటాను?

మార్చి 19, ఆదివారం

మా ఇంటి ఓనరు సత్తెమ్మ కూతురు కనకలక్ష్మి పెళ్ళి. సత్తెమ్మ పెనిమిటి ఐలయ్య కాలు విరిగి దవాఖానలో ఉన్నాడు. ముహూర్తం తప్పించలేక అతను లేకుండానే చేశారు. రంగుల్లో తీసి ఇస్తానన్న మావారి మాట నమ్మి, సత్తెమ్మ మాట్లాడుకున్న ఫోటో అతన్ని కూడా వద్దనేసింది. అతనివి నలుపు తెలుపు ఫోటోలు.

"పిల్ల తండ్రి పెండ్లి సూడలే సారూ," అంది. "గా ఫోటోలల్లనే సూడాలె."

పెళ్ళంతా ఒక్క రీలులో ఉంది. ఇంకా నాలుగు ఫోటోలకు చోటు మిగిలిందట. వృథా చేయడం ఇష్టంలేక ఆయన రీలు బయటికి తీయలేదు. నాకు అన్నం సహించలేదు. ఎండలకేమో.

మార్చి 24, శుక్రవారం

హోలీ పిల్లలతో ఆ నాలుగూ అయిపోయాయి. ఇవాళే చంద్రగ్రహణం. సాయంత్రమే పాలగిన్నెలో, నీళ్ళబిందెలో, ఊరగాయ జాడీల్లో దర్భ వేశాను. ఇక ఇంట్లో మిగిలింది మందు సీసాలే. అవీ నీళ్ళే కదా. ఆవకాయనే కాపాడుకుంటామే, ఐలయ్య చూడాల్సిన పెళ్ళిని గాలికి వదిలేస్తామా?

ఆయన బజారుకు వెళ్ళారు. మూడు సీసాల్లో తలా ఒక పోచ వేశాను. ఒకటి పొడుగైపోయి మూత బిగియలేదు. అలాగే వదిలేశాను. నేను ముట్టుకున్నది మూతల్ని. మందుని కాదు.

మార్చి 26, ఆదివారం

పొద్దున్నే పెళ్ళి రీలు కడిగారు. నేను గుమ్మంలో ఉన్నాను. గుమ్మం గది కాదు. రీలున్న డబ్బాలో మందు పోశారు, తిప్పారు, తిరిగి సీసాలోకి వంపారు. మందుతో పాటు దర్భపోచ జారింది.

"ఇదేమిటే?"

"దర్భండీ. గ్రహణానికి."

ఆయన స్నానం పీట మీద కూర్చుండిపోయారు. గాలి తగిలితే ఆ మందు చచ్చిపోతుందట. అప్పటికే అది కాఫీరంగుకు తిరిగి ఉంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సత్తెమ్మ పెళ్ళి లడ్లు తెచ్చింది. ఆమె మొహంలోకి చూడకుండా తీసుకున్నాను.

ఏప్రిల్ 3, సోమవారం

సిటీ నుంచి ఫోటోలు వచ్చాయి. బొమ్మలు పడ్డాయి! కానీ అన్నీ పచ్చగా. చీర పసుపు, పెళ్ళికొడుకు పసుపు, పందిరి కింద మేక కూడా పసుపే. స్టూడియోవాళ్ళు చేతులెత్తేశారట.

దవాఖానకు అందరం వెళ్ళాం. ఐలయ్య ఒక్కొక్కటే తీసి చూశాడు. చివరికి కూతురి ఫోటో మీద వేలు పెట్టాడు.

"పిల్ల ఒంటి మీద పసుపు ఇంక ఆరనే లేదు," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సిటీల కడిగిస్తె గిట్ల అస్తదా పెద్దమ్మా? ఇంట్ల కడిగింది ఇంట్ల కడిగిందే."

మావారు నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను.

ఏప్రిల్ 8, శనివారం, ఉగాది

వైశాఖంలో సత్తెమ్మ కొడుకు సాయిలు పెళ్ళి. వాడికీ అలాంటి పసుపు ఫోటోలే కావాలట. మావారు కొత్త మందుల పెట్టెకు డబ్బు కట్టి వచ్చారు. పాత ఖర్చు రాబట్టాలంటే ఇదొక్కటే దారట.

కాబట్టి ఈ రోజు నుంచి దిగులు పడను. ధర అడగను. ఆ గది ఛాయలకు పోను. మందులు, మూతలు, ఏవీ ముట్టుకోను.

ఆయన కొత్త పంచాంగంలో రాశిఫలాలు చూశారు. నేను గ్రహణాలు చూశాను. భాద్రపదంలో ఒకటి ఉంది.

సీసాలు పెట్టుకోవడానికి తాళం వేసే చెక్కపెట్టె కూడా చేయించారు. అదెంతయిందో అడగలేదు. తాళంచెవి తాను ఎక్కడో పారేసుకుంటానని, జాగ్రత్తగా దాచమని నాకే ఇచ్చారు.