ఆ ఇంట్లో చదువుకున్నావిడ

ప్రియమైన వదినకు,

ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నానని కోపం తెచ్చుకోకు. ఉత్తరాలు రాయడం మానేస్తే నీ రాత మళ్ళీ మొదటికొస్తుందని నీకు పరీక్ష ఫీజు కట్టిన రోజుల్లోనే చెప్పాను. నువ్వు పది పాసైనంత మాత్రాన ఈ పంతులమ్మ నిన్ను వదిలిపెట్టదు.

ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. మా ఆఫీసు మెంబరు గారి, అదే మన ఎమ్మెల్యే గారి రాజీనామా ఆమోదించారని టీవీలో చూసే ఉంటావు. ఆ రాజీనామా రాసింది నేనే.

మన ఏటి మీద వంతెన కట్టకపోతే శాసనసభకి రాజీనామా చేస్తానని ఆయన ఊరూరా చెబుతున్నారు కదా. ఒకరోజు నన్ను పిలిచి, విలేకరుల ముందు ఇవ్వాలి, ఒక రాజీనామా పత్రం రాసిపెట్టమన్నారు. నేను ఎప్పటిలాగే నిబంధనల పుస్తకం తీశాను. కారణాలూ షరతులూ ఉండకూడదు, పదవి వదులుకుంటున్నానని ఒక్క వాక్యం ఉండాలి అని ఉంది. అలాగే రాశాను. ఆయన కెమెరాల వైపు చూస్తూ సంతకం పెట్టారు. ఇలాంటివి చెల్లకుండా ఉండడానికే మూడు పేజీల కారణాలు పెట్టి రాస్తారని నాకేం తెలుసు? స్పీకరు గారు అవతలి పక్షం మనిషి. ఇష్టపూర్వకంగానే రాశారా అని అందరి ముందూ అడిగారట. ఈయన కాదని ఎలా అంటారు? సాయంత్రానికల్లా సీటు ఖాళీ అయిపోయింది.

ఆఫీసులో నన్ను చూసి నవ్వనివాళ్ళు లేరు, మెంబరు గారు తప్ప. "నిన్ను అంత బాగా ఎవరు రాయమన్నారమ్మా" అని ఒక్క మాటన్నారు, అంతే.

వంతెన కట్టేదాకా మళ్ళీ పోటీ చెయ్యనని ఆవేశంలో మైకులో ఒట్టు కూడా వేశారు. అందుకని ఉప ఎన్నికకి పార్టీ కొత్త మనిషిని వెతుకుతోంది. ఈసారి ఆడవాళ్ళకిద్దామనుకుంటున్నారట. నా పేరు కూడా వినబడుతోందని టైపిస్టు చెప్పింది. నవ్వకు. ఇక్కడికొచ్చిన ప్రతి అర్జీకీ జవాబు రాసింది నేను. ఏ వీధిలో కుళాయి రాదో, ఏ బడికి తలుపుల్లేవో నాకు తెలుసు. నాకు ఈ సీటు కావాలి వదినా. ఇంతకుముందు ఏదీ ఇంతగా కావాలనిపించలేదు. ఎవరితోనూ అనకు, అన్నయ్యతో కూడా.

పార్టీవాళ్ళు ఇంటికొచ్చి వాకబు చేస్తారట. అన్నయ్యని చొక్కా వేసుకోమను. మిషను చుట్టూ పడుండే గుడ్డముక్కలు తీసెయ్యి. నా గురించి రెండు మంచి మాటలు చెప్పు, మరీ ఎక్కువ చెప్పకు.

ఆశతో,
నీ ఆడపడుచు


ప్రియమైన పంతులమ్మకు,

నీ ఉత్తరం ఒక్కరోజు ముందొస్తే బాగుండేది. వాళ్ళు వచ్చి వెళ్ళిపోయాక వచ్చింది. గుడ్డముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మీ అన్నయ్య బనీనుతోనే ఉన్నాడు.

ముగ్గురొచ్చారు. నేను బడిపిల్లల చొక్కాలకి చేతులు ఎక్కిస్తున్నాను. అర్జీల మాట అడిగారు. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ ఇక్కడ గుమ్మంలో కూర్చుని వీధివాళ్ళకి అర్జీలు రాసేది నేనే కదా, అదే చెప్పాను. ఎవరెవరొస్తారు, ఏమడుగుతారు అని తిప్పితిప్పి అడిగారు. అందులో పెద్దాయన పార్టీ కార్యదర్శట. మీ అన్నయ్యని పిలిచి మీకేమైనా అభ్యంతరమా అన్నారు. వ్యాను తుడుచుకుంటున్న మనిషి, దేనికని కూడా అడక్కుండా లేదన్నాడు. వాళ్ళు వెళ్ళాక అభ్యంతరం అంటే ఏంటే అని నన్నడిగాడు.

నిన్న కబురొచ్చింది. టికెట్టు నాకిస్తారట.

ఈ ముక్క రాసి చాలాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. ఎలా రాసినా ఇంతకంటే మెత్తగా రావడం లేదు. వీధిలో వాళ్ళందరూ వచ్చి చేతులు పట్టుకుంటున్నారు. సంతోషంగా లేదని రాస్తే అది అబద్ధమవుతుంది. నీతో అబద్ధం ఎందుకు?

తిట్టేదేదో ఉత్తరంలోనే తిట్టు. జవాబు రాయకుండా మాత్రం ఉండకు.

నీ వదిన


గౌరవనీయులైన అభ్యర్థి గారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం. "మీరు" అంటున్నందుకు ఏమీ అనుకోకండి. రేపు పోస్టర్లలో గోడలెక్కబోయే మనిషిని "నువ్వు" అనడం మర్యాద కాదు.

మీ వివరాల పత్రం తయారుచేసే పని నాకే ఇచ్చారు. ఇంకెవరికిస్తారు? విద్యార్హత అన్నచోట పదో తరగతి అని రాశాను. ఆ పదో తరగతి కోసం లెక్కల పుస్తకం ముందేసుకుని నేను గొంతు చించుకున్న సంగతి రాయడానికి అందులో చోటు లేదు. సమాజసేవ అన్నచోట అర్జీలు రాస్తారని రాశాను. ఆ అర్జీలకు జవాబులు రాసినవాళ్ళెవరో రాయడానికీ చోటు లేదు.

నీ ఫొటో కూడా నా బల్ల మీదికే వచ్చింది. చూడు, నువ్వని వచ్చేసింది. కొట్టేస్తే కాగితం పాడవుతుంది, ఉండనీ. ఫొటోలో నువ్వు పెట్టుకున్న దుద్దులు నావి. నేను వదిలి వచ్చినవి. అడిగితే ఇచ్చేదాన్ని కదా వదినా. ఏదైనా సరే, అడిగితే ఇచ్చేదాన్నేమో. అడగకుండా తీసుకున్నావు చూడు, అదే గుచ్చుకుంటోంది.

టైపిస్టు నా దగ్గరికొచ్చి, టికెట్టు మీ ఇంటికే వచ్చిందిగా, ఎవరికొస్తే ఏం అంది. దాన్ని పట్టుకుని కొరికేద్దామనిపించింది.

ఇట్లు,
మీ కార్యాలయ ఉద్యోగిని


ప్రియమైన పంతులమ్మకు,

దుద్దులు తీసి సొరుగులో పెట్టాను. నువ్వొచ్చి తీసుకో.

వ్యానుకి మైకు కట్టారు. తోలేదీ మీ అన్నయ్యే, మైకులో అరిచేదీ మీ అన్నయ్యే. "మన అభ్యర్థి, మన ఆడపడుచు" అని అరవమని నేర్పించారు. పెళ్ళాన్ని పట్టుకుని ఆడపడుచని ఎలా అనమంటారు అని వాళ్ళతో గొడవేసుకున్నాడు. చివరికి ఆడపడుచు అన్నచోట దగ్గుతున్నాడు. వీధి వీధంతా నవ్వుతోంది.

ఇక నీ ఉత్తరం సంగతి. నువ్వు కోప్పడ్డావు, నేనూ ఒకటి చెబుతాను. నేను ఈ ఇంటికొచ్చినప్పుడు నీ పుస్తకాలకి అద్దాల అలమర ఉండేది. నా బట్టలకి గోడకి మేకు కొట్టారు. ఎవరొచ్చినా అలమర తెరిచి చూపించేవాళ్ళు, మా ఇంట్లో మొదటిసారి బడిముఖం చూసింది మా ఈ పిల్లేనని. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. నాకు కుళ్ళుగా ఉండేది. నీ మీద ప్రేమా ఉండేది, కుళ్ళూ ఉండేది. రెండూ ఒకే పొయ్యి మీద కాగేవి.

నువ్వే నాకు చదువు చెప్పావు. కాదనను. తప్పులు దిద్దేటప్పుడు నీ ముఖం ఎంత ముచ్చటగా ఉండేదో. నేను పాసయ్యానని తెలిసిన రోజు మాత్రం ఆ ముచ్చట కాస్త తగ్గింది. నువ్వు గమనించుకున్నావో లేదో, నేను చూశాను.

నీ వదిన


వదినా,

ప్రియమైన అన్న మాట రావడం లేదు. నువ్వే కలుపుకో.

ఈరోజు కార్యదర్శి గారు మా ఆఫీసుకొచ్చారు. నన్ను చూసి, నువ్వేనా అమ్మా ఆ రాజీనామా రాసింది, నీకోసమే కదా మీ ఇంటికొచ్చాం అన్నారు. చదువుకున్నావిడ ఎవరని గుమ్మంలోనే అడిగాం అన్నారు. అంతలో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయారు.

నా కోసం వచ్చారు వదినా. వాళ్ళు ఆ గుమ్మం ఎక్కింది నా కోసం. నువ్వు ముచ్చట గురించీ మేకు గురించీ రాశావు గానీ ఈ సంగతి రాయలేదు. వాళ్ళు ఏమడిగారు, నువ్వేమన్నావు, ఒక్క మాట మార్చకుండా రాసి పంపు.

పార్టీ అభ్యర్థివని ఇచ్చే పత్రం నీ చేతికింకా రాలేదు. అది ఆయన దగ్గరే ఉంది. అందులో ఎవరి పేరు రాయాలన్నది ఇంకా ఆయన చేతిలోనే ఉంది. సోమవారం ఆయన్ని కలుస్తున్నాను. నీ జవాబు చూసుకునే వెళతాను.

ఆడపడుచు


ప్రియమైన పంతులమ్మకు,

మాట మార్చకుండానే రాస్తున్నాను.

ఆయన అడిగింది ఇది: "ఈ ఇంట్లో చదువుకున్నావిడ ఎవరమ్మా?"

నేను అన్నది ఇది: "నేనేనండి."

ఆ మాట పెట్టి నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మిషను తొక్కేది ఎవరు, నీళ్ళు పట్టేది ఎవరు, వ్యానువాడి భార్య ఎవరు అని అడిగారు. చదువుకున్నావిడ ఎవరని అడిగితే కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి. నీకోసం వచ్చారన్న ఊహే రాలేదు. మర్నాడు నీ ఉత్తరం చదివాక వచ్చింది. అప్పుడైనా నీకు ఫోన్ చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. మళ్ళీ ఆయనొచ్చి అదే అడిగితే మళ్ళీ అదే చెబుతాను.

నేను చదువుకున్నదాన్ని కాదా? కాదని నీ చేత్తో రాసి పంపు. ఆ కాగితం పట్టుకెళ్ళి నేనే ఆయనకిచ్చేస్తాను.

సోమవారం వెళ్ళు. నీకు కావలసింది అడుగు. వెళ్ళొద్దనడానికి నాకు నోరు లేదు. కానీ "కావాలి" అని రాయగలిగేది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే అనుకోకు. నాకూ కావాలి.

నీ వదిన


ప్రియమైన వదినకు,

కాదని రాద్దామనే కూర్చున్నాను. రాత్రంతా రాయలేకపోయాను. రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది. పైగా నీకు చదువు చెప్పినదాన్ని నేనే గనక, నన్ను నేను ఫెయిలు చేసుకున్నట్టవుతుంది.

అయినా సోమవారం వెళ్ళాను. కట్టలు విప్పని జెండాల మధ్య ఒక కుర్చీ లాగి కూర్చోమన్నారు కార్యదర్శి గారు. ఉపోద్ఘాతం లేకుండా అడిగేశాను. మీరు వెతికింది నన్ను, దొరికింది మా వదిన, ఆ పొరపాటు మీరు దిద్దుకోవాలి అన్నాను.

ఆయన నవ్వారు. పొరపాటేం కాదమ్మా అన్నారు. గుమ్మంలోనే తెలిసిందట, నువ్వు నేను కాదని. నాకోసం వచ్చినవాళ్ళే, నిన్ను చూశాక మనసు మార్చుకున్నారట. ఏ పొరపాటు గురించి మనిద్దరం ఇంతగా కొట్టుకున్నామో అది ఎవరూ చెయ్యనే లేదు వదినా.

ఎందుకని అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "నువ్వు కాగితం కనబడితే నిబంధన వెతుకుతావు. ఒకసారి వెతికినందుకే సీటు పోయింది. మీ వదినైతే మేం వేలు పెట్టి చూపించినచోట సంతకం పెడుతుంది. మాకు అలాంటి మనిషే కావాలి."

తర్వాత నా ముఖంలోకి చూసి ఇంకో మాట అడిగారు. "లేకపోతే ఆవిడా చదివి సంతకం పెట్టే రకమేనా? అయితే ఇప్పుడే చెప్పు. పేరు మార్చడం ఎంతసేపు?"

పత్రం బల్ల మీదే ఉంది. పేరు రాయాల్సినచోట ఖాళీగా ఉంది. వదినా, ఆ ఖాళీలో నా పేరు ఎలా ఉంటుందో నాకు కనబడింది. వ్యానుకి బీమా చేయించడానికొచ్చిన మనిషిని, వెనకవైపు చిన్నక్షరాలన్నీ కూడబలుక్కుని చదివేదాకా నువ్వు ఎండలో నిలబెట్టిన సంగతి నాకు తెలుసు. అర్థం కాని మాట ఉంటే బడిలో మేష్టారి దగ్గరికెళ్ళి అడిగొచ్చాక గానీ అన్నయ్యని వేలిముద్ర కూడా వెయ్యనివ్వవు. అదంతా చెబితే చాలు, నీ సీటు పోతుంది. నాకొస్తుందో రాదో తరువాతి సంగతి. చెప్పాలని నాలుక పీకింది. నిజమే కదా చెబుతున్నది అని కూడా అనిపించింది.

"మా వదినకి చదివే తీరిక ఎక్కడిదండీ" అన్నాను.

ఆయన నీ పేరు రాశారు. నేను చూస్తుండగానే రాశారు. రేపు నీ చేతికి పంపుతారు.

గెలిచేదాకా కాస్త అమాయకంగా కనబడు. గెలిచాక నీ ఇష్టం వచ్చినంత నెమ్మదిగా చదువుకో. వాళ్ళని ఎంతసేపు నిలబెట్టినా ఫరవాలేదు.

ఇంతా రాశానని నా కుళ్ళు పోయిందనుకోకు. పోలేదు. ఆ ఖాళీ జాగా కళ్ళు మూసుకున్నా కనబడుతోంది. నువ్వు గెలిచి ప్రమాణం చెయ్యడానికి వస్తే శాసనసభ మెట్ల కింద నేను నిలబడి ఉంటాను, మా ఆఫీసువాళ్ళందరితో పాటు. ఆ రోజు నన్ను పలకరించకు, నా ముఖం బాగుండదు. మర్నాడు మా గదికి రా. ఒక్కదానివే రా.

ప్రేమతో,
నీ ఆడపడుచు