కాచని జంజం

గుల్షన్‌కు నీ కాలేషా సలాములు. నేను ఇక్కడ క్షేమమని రాయడం రివాజు కాబట్టి రాస్తున్నాను. అక్కడ నువ్వు, అమ్మ, అఫ్రీన్ నిజంగానే క్షేమంగా ఉండాలని అల్లాను వేడుకుంటున్నాను.

మన ఊరి రఫీ తెచ్చిన నీ ఉత్తరం, చెనిక్కాయల పొడి అందాయి. పొడి అయిపోవచ్చింది గానీ జవాబు రాయడానికి ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు. ఫోన్లో నీ ముఖం చూస్తూ చెప్పగలిగే సంగతి కాదిది. మోకాలి నొప్పి గురించి అడిగావు. పదకొండేళ్లుగా ఈ స్కేటింగ్ ఐస్ రింక్‌లో మంచు సాపు చేస్తున్నవాణ్ణి, అది పోయే నొప్పి కాదులే. జిద్దా ఎండల్లో స్వెట్టర్ వేసుకుని డ్యూటీకి పోయేది నువ్వొక్కడివేనని నవ్వేదానివి. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు.

ఇక అఫ్రీన్ ప్రశ్న. "జపానక్క గెలిచిందా నాయనా?"

ఆ జపానక్క చిహారు వాళ్ల నాన్న రాబిగ్‌లో రిఫైనరీ ఇంజనీరని నీకు తెలుసు. వారానికి నాలుగు రోజులు తల్లి రెండు గంటలు కారు నడిపి ఆ పిల్లను తెచ్చేది. మంచు మీద కాలు పెట్టే ముందు చిహారు తల వంచి మొక్కేది, వెళ్లేటప్పుడూ అంతే. దుబాయిలో మొదటి స్కేటింగ్ పోటీలో ఆఖరున వచ్చింది. కంట నీరు పెట్టలేదు. మరుసటి ఏడు అక్కడే మూడో స్థానం! పతకం తెచ్చి నా మెడలో వేసి, "ఆ మంచు చేసింది మీరే కదా అంకుల్" అంది. ఆ ఫోటోనే అఫ్రీన్ బీరువాకు అంటించుకుంది.

రెండు నెలల కిందట మా రింక్‌లోనే పోటీ జరిగింది. గెలిస్తే జపానులో పెద్ద పోటీకి తీసుకుపోతానని కోచ్ మాటిచ్చాడు. కన్నతల్లి కంటే నాకే ఎక్కువ ఆత్రం.

గుల్షన్, నీకొక్కదానికే చెబుతున్నాను. ఉమ్రాకు మక్కా పోయినప్పుడు తెచ్చిన జంజం బావి నీళ్లు నా దగ్గర ఉన్నాయి కదా. ఆ పొద్దున బండితో మంచు సాపు చేసి, దిగి, ఆ పిల్ల ఎప్పుడూ ఎగిరే మూలన బిస్మిల్లా అని కాసిన్ని జంజం నీళ్లు పోశాను. మంచు మీద వేడినీళ్లే పోయాలి. అవైతే పైపొరను కరిగించి సమంగా పరుచుకుంటాయి. చన్నీళ్లు పడ్డచోటే గడ్డకట్టి బొడిపె లేస్తుంది. కొత్తవాళ్లకు నేను నేర్పే మొదటి పాఠమే ఇది. కానీ అమ్మ మాట చెవిలో ఉంది. "అల్లా నీళ్లు రా, పొయ్యి మీద పెట్టగాకు." కాచలేదు. చేత్తో తడిమి కూడా చూడలేదు. దీవెనను ఎవరైనా తడిమి చూస్తారా?

పోటీలో చిహారు మూడోసారి ఎగిరి దిగినప్పుడు బూటు కింది బ్లేడు అక్కడే తట్టుకుంది. చీలమండ విరిగిన చప్పుడు నాకు వినపడింది. రెండు ఆపరేషన్లు చేశారు. నడుస్తుందట, మళ్లీ ఎగరకూడదట. పన్నెండేళ్ల పిల్ల, గుల్షన్!

"పిల్ల అడుగు తప్పింది, ఏం జేస్తం భాయ్" అన్నాడు మా సూపర్‌వైజర్ ఖయ్యూమ్. నేను తలూపి, బండి తెచ్చి ఆ బొడిపెను గీకేశాను.

మొన్న జపానుకు వెళ్లిపోయే ముందు చంకకర్రలతో వచ్చింది. గేటు దగ్గర నిలబడి మంచుకు వంగింది. తర్వాత నా వైపు తిరిగి వంగింది. "సారీ అంకుల్. మీరు అంత బాగా చేసిన మంచు మీద నేను పడిపోయాను" అంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "పర్లేదమ్మా" అన్నాను. థూ, నేనూ ఒక మనిషినేనా! ఆ బిడ్డ బతుకంతా తన పాదాన్నే తిట్టుకుంటుంది. వాళ్ల చిరునామా కూడా నా దగ్గర లేదు.

అఫ్రీన్ పరీక్షలకు జంజం పంపమన్నావు. రేపు రఫీ ఊరికి వస్తున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఒక్కటే ఇస్తున్నాను. ఆ నీళ్లలో ఏ దోషమూ లేదు. మూత తీయబోయిన నా చేతులే మళ్లీ దాన్ని బిగించేశాయి.

బీరువా మీది ఫోటో తీయొద్దు. గెలిచిందా అని అఫ్రీన్ మళ్లీ అడుగుతుంది, నాయన చేసింది దాచకుండా చెప్పు. నీ అడుగు తప్పలేదమ్మా అని ఆ పిల్లకు చెప్పలేకపోయాను. మన పిల్లకైనా తెలియాలి.

ఇట్లు,
అఫ్రీన్ నాయన,
కాలేషా