జరిపిన దవడ

నాన్నకు,

నమస్కారం. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఆ ఫ్యాక్టరీ చలికి నీ మోకాళ్లు పట్టేయకుండా నువ్వూ క్షేమంగా ఉన్నావనుకుంటున్నాను. అమ్మ ఎంత క్షేమంగా ఉందంటే, నీళ్ల మోటారు విషయంలో మొన్న పై అంతస్తు వాళ్లందరితో ఒక్కతే గొడవపడి గెలిచి వచ్చింది.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. రెండింటికి ఇప్పుడే జవాబు చెబుతాను. మూడోది, సెలవు ఏ తారీఖు నుంచి పెట్టమంటావన్నది. దానికి జవాబు చెప్పేముందు నువ్వు వినాల్సినవి కొన్ని ఉన్నాయి. పేజీ తిప్పి చివర చూడకు.

మొదటి జవాబు: లేదు, నన్నిప్పుడు రిసెప్షన్‌లో నిలబెట్టడం లేదు. ఏడాదిగా మా పళ్ల క్లినిక్ వెనక డిజైన్ గదిలో కూర్చుంటున్నాను. భోజనాల వేళ డిజైనర్ల వెనక నిలబడి చూసి, వాళ్లు పక్కన పడేసిన ఫైళ్ల మీద చెయ్యి తిప్పి నేర్చుకున్న పని ఇది. సర్టిఫికెట్లతో కొత్తగా చేరినవాళ్లు మీరెక్కడ చదివారని అడుగుతుంటారు. మీ కుర్చీల వెనక అని చెబుతాను. ఆ తర్వాత ఎవరూ అడగరు.

రెండోది: నోటినిండా ఆ ముద్ద పెట్టి అచ్చు తీయకుండా పళ్లెలా చేస్తారన్నావు. పోయినసారి నీకు అచ్చు తీసినప్పుడు వాంతి ఆపుకోలేకపోయావు కదా, ఆ బాధ ఇక్కడ లేదు. లావుపాటి పెన్నులాంటి కెమెరా నోట్లో తిప్పుతారు. కాసేపట్లో పళ్లన్నీ నా తెర మీదికొస్తాయి. అరగదీసిన పంటి మీద తొడిగే క్యాపు ఎలా ఉండాలో నేను గీస్తాను, పక్క గదిలో మిషను దాన్ని తెల్లటి దిమ్మలోంచి చెక్కుతుంది, తర్వాత కొలిమిలో కాలుస్తారు. బయటి దేశాలవాళ్లు దీనికోసమే విమానమెక్కి వస్తారు. మొదటి రోజు స్కాను, ఐదో రోజు సాయంత్రం తిరుగు విమానం. వాళ్లంతా డబ్బున్నవాళ్లని అనుకునేదాన్ని. కాదు. తమ ఊళ్లో చేయించుకునే స్తోమత లేకే ఇంత దూరం వచ్చేవాళ్లు చాలామంది.

ఇందులో ప్రాణంలాంటిది బైట్, అంటే కరిచినప్పుడు పళ్లు కలిసే తీరు. ఫ్యాక్టరీలో రెండు ఇనప ముక్కలు ఎక్కడ అంటుకుంటున్నాయో చూడటానికి నువ్వు నీలం రంగు పూస్తావే, అలాంటిదే. పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలిస్తే తెర మీద ఆకుపచ్చ, ఒకదాంట్లో ఒకటి దిగబడితే ఎరుపు.

ఇక అసలు సంగతి.

రెండు నెలల కిందట ఒకావిడ వచ్చింది. వాళ్ల దేశంలో స్కూలు బస్సు నడుపుతుంది. ఎడమవైపు ఆరు క్యాపులు కావాలి. పళ్లు అరగదీసిన మధ్యాహ్నమే బైట్ కూడా స్కాను చేసేశారు. అప్పటికి ఆమెకు సగం మొహం మొద్దుబారి ఉంది. పెదవి ఎక్కడుందో తెలియని మనిషిని కరవమంటే ఎక్కడ కరుస్తుంది? నా తెర మీద ఎడమవైపంతా ఎర్రగా వచ్చింది. మత్తు దిగాక మర్నాడు పొద్దున మళ్లీ తీయాలని షెడ్యూలు మేనేజరుకి చెప్పాను. ఆయన గోడ మీది చార్టు చూపించాడు. ఈ సాయంత్రానికి దిమ్మ మిషనెక్కకపోతే ఆమెకు విమానం అందదన్నాడు. ఇంతోటి దాన్ని కంప్యూటర్లో సర్దలేకపోతే చదువులేనిదాన్ని నిన్నెందుకు పెట్టుకున్నట్టు అని కూడా అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. మళ్లీ స్కాను చేసేదాకా మౌసు ముట్టనని చెప్పి లేచిపోవాల్సింది. కానీ నేనేం చేశానో తెలుసా? సర్దడం నాకు రాదనుకుంటున్నావా, చూడు అనుకుని కూర్చున్నాను. తెర మీద కింది దవడని పట్టుకుని వెంట్రుకవాసి వెనక్కి, వెంట్రుకవాసి పక్కకి తోసుకుంటూ పోయాను. ఎరుపు పోయింది. అంతా పచ్చగా కనిపించింది. నాన్నా, ఒక మనిషి దవడని నేను మౌసుతో జరిపాను. ఆమె దవడ మాత్రం ఎక్కడుండాలో అక్కడే ఉంది.

క్యాపులు బిగించేటప్పుడూ మత్తిచ్చారు. పళ్లెక్కడ తగులుతున్నాయో చూపించే నీలం కాగితం పెట్టి కరవమన్నారు, కరిచింది. బాగుందా అంటే బాగుందంది. అందరికీ దణ్ణాలు పెట్టి విమానమెక్కింది.

మూడు వారాల తర్వాత వీడియోలో చెకప్ పెట్టారు. డిజైన్ చూపించడానికి నన్ను కూడా కూర్చోబెట్టారు. ఎడమవైపు ఒక్క పన్నే తగులుతోందనీ, పొద్దున లేచేసరికి కణతలు లాగేస్తున్నాయనీ, బస్సు నడుపుతుంటే తల తిప్పడం కష్టంగా ఉందనీ చెప్పింది. మేనేజరు నా ఫైలు తెరిచి, చూడండి, ఎక్కడా ఎరుపు లేదు, మీరే అలవాటు పడాలి అన్నాడు. ఆమె ఆ పచ్చరంగుని చాలాసేపు చూసింది. ఇద్దరికీ అరకొరగా వచ్చిన భాషలో నన్నడిగింది.

"అయితే ఆ రోజు నేనే సరిగ్గా కరవలేదా అమ్మా?"

నేను ఫైలు మూసేశాను. కాల్ అయిపోయాక, నీ ఫైలే మనల్ని కాపాడిందని మేనేజరు మెచ్చుకున్నాడు. ఈ క్లినిక్‌లో నాకు దొరికిన మొదటి మెప్పు అది.

జరిగింది చెప్పడానికి పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లేందుకు నాకు తొమ్మిది రోజులు పట్టింది. నేను భయపడే రకం కాదు కదా అనుకుంటావు. నా ఉద్యోగం గురించి భయపడలేదు. ఉద్యోగుల ఇంట్లోవాళ్లకి ఏడాదికొకరికి ఇక్కడ ఉచితంగా పళ్లు కట్టి పంపుతారు. ఈ ఏడాది అది నీకు రాయించాను. నోరు తెరిస్తే అది పోతుందని తొమ్మిది రోజులూ నోరు మూసుకున్నాను. ఇది నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతున్నాను.

పదో రోజు ఆమె అసలు స్కానునీ, నేను జరిపినదాన్నీ పక్కపక్కన తెరిచి పెద్ద డాక్టరుకి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"జరిపేటప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

నన్నూ మేనేజరునీ కలిపి దులిపేశాడు. మత్తు దిగకముందు బైట్ తీయకూడదని అప్పటికప్పుడు చెప్పేశాడు. ఆవిణ్ణి మళ్లీ పిలిపించి అంతా కొత్తగా చేయాలన్నాడు. నా ఉద్యోగం ఉంది, కాకపోతే ఇకనుంచి నా ప్రతి ఫైలూ ఇంకొకరు చూశాకే మిషనుకి వెళుతుంది. అది న్యాయమే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, స్కూలు సెలవుల వారంలో తప్ప ఆమెకి రావడం కుదరదు. ఆ వారం పేషెంట్ల కుర్చీలన్నీ నిండిపోయాయి. మేనేజరు చార్టు ముందు నిలబడి, ఎగతాళిగా "ఒక్కటి మీ చేతిలో ఉంది, మీ నాన్నగారిది. నిజం చెప్పింది మీరేగా, కుర్చీ కూడా మీరే ఇవ్వండి" అన్నాడు. ఇవ్వననుకున్నాడు. నేను వెళ్లి నీ పేరు తుడిచి ఆమె పేరు రాశాను.

నిన్ను అడగలేదు. అడిగితే ఒప్పుకుంటావని తెలిసే అడగలేదు. నువ్వు ఒప్పుకుంటే అది నీ మంచితనమైపోతుంది. తప్పు నాదీ, మంచిపేరు నీదీనా? కానీ రాసి వెనక్కి తిరిగాక తెలిసింది, తుడవడానికి అది నా పేరు కాదని. ఈ వంతు పోతే మళ్లీ వచ్చే ఏడాదే. ఇంకో ఏడాది నువ్వు రొట్టెని టీలో నానబెట్టుకుని తినాలి. ఎవరైనా నవ్విస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. తప్పు చేసింది నేను, నమిలి మింగాల్సింది నువ్వు. ఆమెకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే రాదు, అలాంటి మనిషిలా ఉంది.

కాబట్టి మూడో ప్రశ్నకి జవాబు ఇది. పళ్ల కోసమైతే ఈ ఏడాది సెలవు పెట్టకు. మమ్మల్ని చూడటానికైతే ఏ తారీఖైనా పెట్టు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. చెబితే సగంలోనే "సరేలే తల్లీ, ఏం పర్లేదు" అంటావు. నాకా మాట వద్దు. ఈ ఇంట్లో కోపమంతా నేనే వాడేసుకున్నాను, నీ వాటాతో సహా. ఈ ఒక్కసారికి నీ వాటా నువ్వు తీసుకో. కూర్చుని, నిదానంగా, కడుపారా తిడుతూ ఒక ఉత్తరం రాయి. అమ్మకి చూపించను.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ పేరు తుడిచేసిన
నీ కూతురు